వ్యసనం మానడానికి థెరపిస్ట్‌ను ఎలా వెతుక్కోవాలి (ఫోన్‌లో అడగాల్సిన ఆ ఒక్క ప్రశ్నతో సహా)

నా థెరపిస్ట్ నంబర్ మొదట్లో నా ఫోన్‌లో "ప్లంబర్ 2" అనే పేరుతో ఉండేది. ఇంట్లో ఎవరైనా చూస్తారేమోనని. అలా సేవ్ చేసుకుని పదకొండు రోజులు దాని జోలికే పోలేదు, రోజూ సాయంత్రం ఆ పేరు దాకా వెళ్లడం, వెనక్కి వచ్చేయడం, ఇదే పని. నాది తాగుడు. మీది తాగుడే కావచ్చు, బెట్టింగ్ యాప్ కావచ్చు, నిద్రమాత్రలో గంజాయో కావచ్చు, లేకపోతే తెల్లారేదాకా వదలని గేమ్ కావచ్చు. ఏదైనా సరే, సాయం చేసే మనిషిని వెతుక్కునే పద్ధతి చాలావరకు ఒకటే. నేను ఆ పని ఒకసారి తప్పుగా, ఒకసారి కాస్త సరిగ్గా చేశాను కాబట్టి రెండూ కలిపి రాస్తున్నా.

మొదలుపెట్టే ముందు ఒక మాట. చచ్చిపోవాలన్న ఆలోచన తిరుగుతుంటే ఇది చదవడం ఆపి ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేయండి, లేదా పక్క గదిలో ఉన్న మనిషిని లేపండి. థెరపిస్ట్ వేట ఒకటి రెండు వారాలు పట్టే పని, అంత ఆగకూడదు.

1. ముందు ఒళ్లు, తర్వాతే మనసు

"సోమవారం థెరపిస్ట్ దగ్గరికి వెళ్తున్నా కదా, శుక్రవారం నుంచే పూర్తిగా బంద్ చేసి చూపిస్తా" అనుకునేవాళ్లు చాలామంది. పట్టుదల మంచిదే కానీ కొన్నిటికి ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. రోజూ బాగా తాగే మనిషి, ముఖ్యంగా పొద్దున లేవగానే చేతులు వణుకుతూ ఓ గుక్క పడితే గానీ నిలకడకు రాని మనిషి, ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. అవి మామూలుగా చివరిసారి తాగిన 6 నుంచి 48 గంటల లోపు వస్తాయి. ఇంకొందరికి రెండో రోజు దాటాక, 48 నుంచి 96 గంటల మధ్య, డెలీరియం ట్రెమెన్స్ అనేది మొదలవుతుంది, గోడ మీద లేని పురుగులు కనపడటం, తను ఎక్కడున్నాడో తెలియకపోవడం, జ్వరం, గుండె దడ. వైద్యం అందకపోతే చనిపోయే ప్రమాదం ఉంది. ఇన్నేళ్లూ మెదడును ఆల్కహాల్ అణిచిపెడుతుంటే, దానికి ఎదురు నిలవడానికి మెదడు తన జోరు పెంచుకుని కూర్చుంటుంది, ఆ బరువు హఠాత్తుగా తీసేస్తే అది అదుపు తప్పుతుంది, అంతే సంగతి. డాక్టర్ దగ్గర కొద్ది రోజులు మందులు, బీ1 విటమిన్ వాడితే దీన్ని చాలావరకు సురక్షితంగా దాటించవచ్చు.

నిద్రకూ ఆందోళనకూ ఇచ్చే అల్‌ప్రాజొలాం, క్లోనజిపాం, డయాజిపాం లాంటి మాత్రలు నెలల తరబడి వాడుతున్నవాళ్లకూ ఇదే హెచ్చరిక, వాటిని డాక్టర్ చూపులో కొద్దికొద్దిగా తగ్గించాలే తప్ప డబ్బా చెత్తబుట్టలో పారేయకూడదు. హెరాయిన్, కొన్ని గట్టి నొప్పి మాత్రల లాంటి ఓపియాయిడ్‌ల (నల్లమందు జాతి మత్తుల) సంగతి కొంచెం వేరు. ఆపినప్పుడు నరకం కనిపిస్తుంది కానీ అసలు ప్రమాదం తర్వాత ఉంటుంది. కొన్నాళ్లు మానేసరికి ఒంటికి తట్టుకునే శక్తి పడిపోతుంది, ఆ సంగతి మర్చిపోయి ఒకరోజు పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు.

కాబట్టి ఈ మూడిట్లో ఏదైనా ఉంటే మొదటి ఫోన్ థెరపిస్ట్‌కు కాదు, డాక్టర్‌కు. జూదం, గేమ్‌లు, ఫోన్ లాంటివైతే నేరుగా రెండో మెట్టుకు వచ్చేయండి.

2. ఒక కాగితం రాసుకోండి

ఎవరికీ చూపించక్కర్లేదు. ఏం వాడుతున్నారు, ఎంత, రోజులో ఎప్పుడు, ఎన్నేళ్లుగా, మధ్యలో అన్నిటికన్నా ఎక్కువ కాలం మానింది ఎప్పుడు, మళ్లీ ఎలా మొదలైంది. ఈ చివరిది బాగా పనికొస్తుంది. "టెన్షన్ వల్ల" అని రాసి ఊరుకోకండి, దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. నా కాగితంలో నేను రాసింది ఇది: "సాయంత్రం ఏడున్నర. ఆఫీసు లిఫ్ట్‌లో. బాస్ మెసేజ్ చూశాను, జవాబు ఇవ్వలేదు. లిఫ్ట్ కిందికి వచ్చేలోపే ఎటు తిరగాలో నిర్ణయం అయిపోయింది." పార్కింగ్‌లో కాదు, దారిలో కాదు, లిఫ్ట్‌లో. ఆ సంగతి రాసేదాకా నాకే తెలీదు.

సమస్య ఎంత పెద్దదో తేల్చుకోలేకపోతే తాగుడుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్ష ఉంది, మొత్తం 40 మార్కులు, 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆలోచించాల్సిన విషయమే. సైకియాట్రిస్టులు చూసేవాటిలో ఒకటి డీఎస్ఎమ్-5 అనే, మానసిక సమస్యలను గుర్తించే అమెరికన్ పుస్తకంలోని లక్షణాల జాబితా. మత్తు పదార్థాలకు అందులో 11 ఉంటాయి, ఏడాదిలో రెండు మూడు కనిపిస్తే తేలికపాటి సమస్య, నాలుగైదైతే మధ్యస్థం, ఆరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే తీవ్రం. 2013లో వచ్చిన ఆ పుస్తకంలోనే జూదాన్ని కూడా మత్తు పదార్థాలతో కలిపి వ్యసనాల అధ్యాయంలో పెట్టారు, అంటే "నేనేం తాగట్లేదు, తినట్లేదు కదా" అనే వాదన చెల్లదు. అయినా మార్కుల కోసం పరీక్ష మీద పరీక్ష రాస్తూ కూర్చోకండి, అది కూడా ఫోన్ చేయకుండా తప్పించుకునే దారే, నేను చేసి చూశాను.

3. ఎవరు ఏం చేస్తారు

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ లాంటి వైద్యవిద్య చదివిన డాక్టర్, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ ప్రధానంగా మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేస్తారు. కౌన్సెలర్ అన్న మాట దగ్గర జాగ్రత్త, ఆ పేరు కింద రెండేళ్ల శిక్షణ తీసుకున్నవాళ్లూ ఉంటారు, వారాంతపు కోర్సు చేసినవాళ్లూ ఉంటారు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ లాంటి బృందాల్లో స్పాన్సర్ ఉంటారు, ఆయన తను మానేసి మీకు తోడు నిలబడే మనిషి, విలువైన తోడే, కానీ థెరపిస్ట్ కాదు.

చాలామందికి ఒకరి కన్నా ఇద్దరు అవసరం అవుతారు, ఒకరు మందులకు, ఒకరు మాటలకు. మన భాషలో ఇది నవ్వులాటగా ఉంటుంది, మందు మానడానికి మందు అని. కానీ ఆ మందులు నిజంగానే ఉన్నాయి. తాగాలన్న యావ తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్, ఓపియాయిడ్‌లకు బుప్రినార్ఫిన్, మెథడోన్. డైసల్ఫిరాం ఇంకో రకం, అది వేసుకుని తాగితే ఒళ్లంతా అతలాకుతలం అవుతుంది. అందుకే మనిషికి తెలియకుండా భోజనంలో కలిపి పెట్టడం మహా ప్రమాదం, దయచేసి ఆ పని చేయకండి. ఇక "మందులు వాడి మానితే అది మానడమే కాదు" అనే థెరపిస్ట్ తగిలితే అక్కడితో ఆ పేరు కొట్టేయండి.

4. పేర్లు ఎక్కడ దొరుకుతాయి

ఒక్క పేరుతో బయలుదేరొద్దు, ఐదు తెచ్చుకోండి. ఒక్కటే ఉంటే ఆ ఒక్కరు ఫోన్ ఎత్తకపోతే "చూశావా, ప్రయత్నించాను" అని మనసు వెంటనే కేసు మూసేస్తుంది. మామూలుగా చూపించుకునే డాక్టర్, పెద్ద ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం, ప్రభుత్వ హెల్ప్‌లైన్, యూనివర్సిటీల సైకాలజీ విభాగం నడిపే క్లినిక్, ఇన్సూరెన్స్ వాళ్ల జాబితా, ఇవన్నీ సరైన చోట్లే. వీటన్నిటికంటే నాకు పనికొచ్చింది మాత్రం మానేసినవాళ్లు. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో ఇద్దరు తాగుబోతుల పలకరింపుతో మొదలైంది, దేవుడి ప్రస్తావన నచ్చనివాళ్లకు 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ ఉంది, ఎందులో కూర్చున్నా సరే, అయిపోయాక బయట నిలబడి "మీరు ఎవరి దగ్గరికి వెళ్లారు" అని అడిగితే నిజాలు వస్తాయి. ఎవరు మంచివాళ్లో మాత్రమే కాదు, ఎవరు క్లాసు పీకుతారో కూడా చెబుతారు.

ఆన్‌లైన్ జాబితాల్లో ఒక తిరకాసు ఉంది. డిప్రెషన్, పెళ్లి గొడవలు, పిల్లల చదువు, వ్యసనం, నిద్ర, అన్నిటికీ టిక్ పెట్టిన ప్రొఫైల్ కనిపిస్తే ఆయనకు వ్యసనం బాగా తెలుసని అర్థం కాదు, గడి ఖాళీగా వదలడం ఇష్టం లేదని అర్థం. రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి, మీ దేశంలో దాన్ని ఇచ్చే కౌన్సిల్ దగ్గర సరిచూసుకోండి. సిగ్గుపడాల్సిన పని కాదది, ఐదు నిమిషాల పని.

ఎక్కడైనా "నూటికి నూరు శాతం గ్యారంటీ", "మనిషికి తెలియకుండానే మాన్పిస్తాం", "మూడు నెలలు ఇంటివాళ్లు కలవడానికి లేదు" అని కనిపించిందంటే అటు వెళ్లకండి.

5. ఫోన్ చేయడం

అసలు మెట్టు ఇదే. ఏం మాట్లాడాలో తెలియక గొంతు ఎండిపోతుంది కాబట్టి ముందే రాసుకోండి. నేను చదివింది దాదాపు ఇలా: "నమస్తే అండీ, నాకు తాగుడు సమస్య ఉంది, సాయం కోసం చూస్తున్నాను. అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఐదు నిమిషాలు కొన్ని విషయాలు అడగొచ్చా?" అంతే. కథంతా చెప్పక్కర్లేదు. సమయం లేదని విసుక్కుంటే, సరే, ఇంకో పేరు ఉంది కదా.

అడగాల్సినవి: మీ దగ్గరికి వచ్చేవాళ్లలో వ్యసనం కోసం వచ్చేవాళ్లు ఎంతమంది? ఏ పద్ధతిలో పని చేస్తారు? అవసరమైతే డాక్టర్‌తో కలిసి పని చేస్తారా? ఫీజు ఎంత, రద్దు చేసుకుంటే ఎంత పోతుంది? నేను చెప్పింది ఎవరికి చెబుతారు?

వీటన్నిటి తర్వాత ఆ ఒక్క ప్రశ్న. "నేను మధ్యలో మళ్లీ తాగితే మీరేం చేస్తారు?"

నా మొదటి థెరపిస్ట్‌ను ఇది అడగలేదు. అడిగి ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి. మొదటి రోజే ఆయన ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, మళ్లీ తాగితే సెషన్లు ఆపేస్తానని. "ముందు మీకు గట్టి సంకల్పం ఉండాలి" అన్నారు. మూడో వారం తాగాను. చెబితే పంపించేస్తారు కాబట్టి చెప్పలేదు, ఆ తర్వాత ప్రతి వారం శుభ్రంగా తయారై వెళ్లి, ఫీజు కట్టి మరీ అబద్ధం చెప్పి వచ్చేవాణ్ని. ఇంట్లో ఉచితంగా చెప్పే అబద్ధాలకు అక్కడ డబ్బులు కట్టాను, అంతే తేడా.

రెండో ఆవిడను ఫోన్‌లోనే అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "తాగితే ఆ మర్నాడే రండి, ఎవరూ రద్దు చేసుకోకూడని అపాయింట్‌మెంట్ అదే" అన్నారు. తర్వాత, "తాగి ఉన్నప్పుడు మాత్రం సెషన్ చేయను, మాట్లాడింది మీకు గుర్తుండదు" అని కూడా చెప్పారు. ఆ రెండు వాక్యాలకే నంబర్ సేవ్ చేసుకున్నాను, ప్లంబర్ 2 అని. ఇక అపాయింట్‌మెంట్ ఖాయం చేయడానికే పదకొండు రోజులు పట్టింది, అది వేరే సంగతి.

మంచి జవాబు ఎలా ఉంటుందంటే, మళ్లీ జారడం అనేది జరిగే విషయమేనని ఒప్పుకుంటుంది, జరిగితే ఏం చేయాలో ముందే ఆలోచించి ఉంటుంది, అలాగని "పర్వాలేదులే" అని తేలిగ్గానూ కొట్టిపారేయదు. గదమాయింపు వల్ల ఉపయోగం లేదన్నది నా ఉక్రోషం ఒక్కటే కాదు. అమెరికన్ సైకాలజిస్ట్ విలియం మిల్లర్ బృందం 1993లో ప్రచురించిన పరిశోధనలో, సెషన్‌లో థెరపిస్ట్ ఎంత ఎదురుతిరిగి నిలదీస్తే, ఏడాది తర్వాత ఆ మనిషి అంత ఎక్కువ తాగుతున్నట్టు కనిపించింది.

పద్ధతుల గురించి కొంచెం. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్, దీని గురించి ఆ మిల్లరే 1983లో మొదట రాశారు, మానాలా వద్దా అని ఊగిసలాడే మనిషి నోటితోనే మానడానికి కారణాలు పలికిస్తుంది. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), దానికి దగ్గరగా సైకాలజిస్ట్ అలన్ మార్లాట్ తీర్చిదిద్దిన రిలాప్స్ ప్రివెన్షన్ (మళ్లీ జారకుండా చూసుకోవడం), ఏ సందర్భంలో జారుతున్నామో పట్టుకుని అక్కడ ఏం చేయాలో ముందుగా సాధన చేయిస్తాయి. కొకైన్, మెథ్ (మెథాంఫెటమిన్) లాంటి ఉత్తేజపరిచే మత్తులకు కంటింజెన్సీ మేనేజ్‌మెంట్ బాగా పని చేస్తుంది, పరీక్షలో శుభ్రంగా తేలిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇస్తారు, చిన్నపిల్లల వ్యవహారంలా ఉంటుంది కానీ ఫలితం ఉంది. అయితే పేర్ల దగ్గర బుర్ర బద్దలు కొట్టుకోకండి. 1997లో ఫలితాలు వెలువడిన ప్రాజెక్ట్ మ్యాచ్ అనే పెద్ద పరిశోధనలో తాగుడు సమస్య ఉన్న 1,726 మందికి మూడు వేర్వేరు పద్ధతుల్లో చికిత్స ఇస్తే, మూడూ దాదాపు సమానంగానే పని చేశాయి. నేను చూసేది ఒక్కటే, అడిగినప్పుడు తన పద్ధతిని మామూలు మాటల్లో చెప్పగలుగుతున్నారా లేదా అని. చెప్పలేకపోతే ఏ పద్ధతీ లేదని అనుమానించండి.

గోప్యత గురించి నాకు అనుకోకుండా పరీక్ష జరిగింది. ఒకరోజు వంటింట్లో కుళాయి కారుతుంటే మా ఆవిడ నా ఫోన్ తీసి, ప్లంబర్ 1 ఎత్తకపోయేసరికి ప్లంబర్ 2కి కొట్టింది. అటువైపు ఆవిడ నా నంబర్ చూసి ఎత్తి, ఎవరో ఆడమనిషి "కుళాయి వాషర్ పోయిందండీ" అనేసరికి, "రాంగ్ నంబర్ అమ్మా" అని పెట్టేశారు. తనెవరో చెప్పలేదు, నా పేరు ఎత్తలేదు. ఆ రాత్రి నేనే మా ఆవిడకు చెప్పాను. ఈ గోప్యతకూ హద్దులు ఉంటాయి, ప్రాణాపాయం, పిల్లల మీద హింస, కోర్టు ఆదేశం లాంటివి, అవేంటో మొదటి సెషన్‌లోనే నా థెరపిస్ట్ చెప్పారు. మీకు చెప్పకపోతే అడగండి.

6. మొదటి నాలుగు సెషన్లు

మొదటిది ఎక్కువగా ప్రశ్నలతోనే పోతుంది. రెండో మెట్టులో రాసిన కాగితం తీసుకెళ్లండి, నిజమైన లెక్క చెప్పండి. నేను మామూలుగా సగం చెప్పేవాణ్ని, ఆ సగాన్ని బట్టి వాళ్లు వేసే అంచనా కూడా సగమే అవుతుంది కదా. నా రెండో థెరపిస్ట్ ఆ లిఫ్ట్ సంగతి చదివి దాదాపు ముప్పావు గంట దాని మీదే కూర్చున్నారు. మెసేజ్ చూసినప్పుడు ఒంట్లో ఎక్కడ తెలిసింది, ఏ అంతస్తులో ఉన్నారు, అప్పుడు ఎవరికైనా ఫోన్ చేయగలిగేవారా. ఆ వారం ఇచ్చిన పని మెట్లు దిగి రావడం. ఆరు అంతస్తులు. నవ్వొచ్చింది, కానీ లిఫ్ట్‌లో నలభై సెకన్లలో అయిపోయే నిర్ణయం మెట్ల మీద నాలుగు నిమిషాలు ఆగాల్సి వచ్చేది, ఆలోపు ఒక్కోసారి మనసు మారేది. ప్రతిసారీ కాదు.

నాలుగు సెషన్లయ్యాక మిమ్మల్ని మీరు అడగండి: ఆయనతో నిజం చెప్పగలుగుతున్నానా? చేయాల్సిన పని ఏదైనా చేతికి వస్తోందా, లేక కబుర్లతో గంట గడుస్తోందా? వాడటం ఆపడం గురించి మాట్లాడుతున్నామా, లేక అంతా చిన్ననాటి కథలేనా? బయటికి వచ్చేటప్పుడు బాధగా ఉండొచ్చు, అది మామూలే, కానీ పురుగులా అనిపించకూడదు. మొదటిదానికి జవాబు "లేదు" అయితే మిగతావి చూడక్కర్లేదు.

7. మార్చాల్సి వస్తే

మొహమాటం వద్దు. "ఇన్నాళ్లూ సాయం చేసినందుకు థాంక్స్ అండీ, నాకు ఇది కుదరడం లేదనిపిస్తోంది, ఇంకెవరినైనా సూచించగలరా" అని ఒక మెసేజ్ చాలు. మంచివాళ్లు నొచ్చుకోరు, పేరు కూడా చెబుతారు. ఒక్క జాగ్రత్త, రెండో మనిషి దగ్గర అపాయింట్‌మెంట్ ఖాయమయ్యాకే మొదటివాళ్లను వదలండి. నేను ముందు వదిలేసి తర్వాత వెతుకుదామనుకున్నా, ఆ "తర్వాత" రావడానికి ఐదు నెలలు పట్టింది, ఆ ఐదు నెలలూ ఎలా గడిచాయో ఊహించుకోండి. ఇంకొకటి, నిజాలు గుచ్చుకోవడం మొదలైనప్పుడు కూడా థెరపిస్ట్ నచ్చడం మానేస్తారు. మార్చాలనిపిస్తే ఆ మాట సెషన్‌లో ఒకసారి పైకి అని చూడండి, దానికి ఆయన ఎలా స్పందిస్తారో చూస్తే సగం తేలిపోతుంది.

8. డబ్బు చాలకపోతే

శిక్షణలో ఉన్న థెరపిస్టులు తక్కువ ఫీజుకు చూస్తారు, వాళ్ల వెనుక సీనియర్ ఒకరు పర్యవేక్షిస్తుంటారు, కాబట్టి చిన్నచూపు వద్దు. గ్రూప్ థెరపీ చవక. స్వచ్ఛంద బృందాలకు ఫీజే ఉండదు. వారానికోసారి కుదరకపోతే రెండు వారాలకోసారి వెళ్తూ మధ్యలో గ్రూప్‌కి వెళ్లండి. ఆన్‌లైన్ సెషన్లు కూడా బాగానే నడుస్తాయి, తలుపేసుకోవడానికి ఒక గది ఉంటే. కానీ మొదటి మెట్టులో చెప్పిన ఒంటి ప్రమాదం ఉన్నవాళ్లకు తెర మీద మనిషి చాలరు.

9. వెతుకుతున్నది మీ కోసం కాకపోతే

వ్యసనం ఉన్నది మీ ఇంట్లో మనిషికి, ఆయన రానంటే రానంటున్నారు, వెతుకుతున్నది మీరు. అప్పుడు మీ కోసమే ఒక థెరపిస్ట్‌ను చూసుకోండి, క్రాఫ్ట్ (కమ్యూనిటీ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అండ్ ఫ్యామిలీ ట్రైనింగ్) అనే పద్ధతి తెలిసినవాళ్లను. అమెరికన్ సైకాలజిస్ట్ రాబర్ట్ మేయర్స్ దీన్ని రూపొందించారు. తాగి వచ్చినప్పుడు గొడవ పడకుండా పక్కకు తప్పుకోవడం, తాగని సాయంత్రం కలిసి కూర్చోవడం, ఆయన చేసిన తప్పులకు మీరు సర్ది చెప్పడం ఆపేయడం, సరైన క్షణం చూసి అపాయింట్‌మెంట్ మాట ఎత్తడం, ఇవన్నీ నేర్పిస్తారు. 1999లో వచ్చిన ఒక పరిశోధనలో ఈ పద్ధతి నేర్చుకున్న ఇంటివాళ్లలో 64 శాతం మంది, రానని మొండికేసిన మనిషిని చికిత్స దాకా తీసుకురాగలిగారు. అందరూ చుట్టుముట్టి నిలదీసే పద్ధతిలో అది 30 శాతం దగ్గరే ఆగింది.

సరైన క్షణం అంటే, గొడవ జరిగిన రాత్రి కాదు. మర్నాడు పొద్దున, ఆయనే తల పట్టుకుని "ఇలా ఎన్నాళ్లు" అని గొణిగినప్పుడు. అప్పటికి ఫోన్ నంబరూ, ఆ వారంలో ఖాళీ ఉన్న టైమూ మీ దగ్గర సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే ఆ కిటికీ మధ్యాహ్నానికల్లా మూసుకుపోతుంది.